ఇంటి వాకిట్లో పుట్టినరోజు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు అన్నీ విన్నరు. ఇప్పుడు కమిటీ వాళ్లు వచ్చి చిన్నపిల్లల పుట్టినరోజు గురించి మాట్లాడుతరట అంటే వెనుక వరుసలో కొందరు నవ్విండ్రు. నవ్వండి, మంచిదే. నవ్వే ముచ్చట చాలానే ఉన్నది. కానీ ఇది లెక్కల ముచ్చట కూడా. పోయిన సంవత్సరం ఊరూరికి తిరిగి బాకీలు ఎందుకు ఆగినయో అడిగినప్పుడు పంట పోయింది, బోరు ఎండింది, దవాఖాన ఖర్చు అయ్యింది అని చెప్పిండ్రు. అవన్నీ మనం ఎరిగినవే. వాటి పక్కన ఇంకొక మాట మెల్లగా, తల దించుకొని చెప్పిండ్రు: "పిల్లగాని మొదటి పుట్టినరోజు చేసినం."

ఒక ఇల్లు చెప్తం. ఊరు పేరు వద్దు. సూక్ష్మ రుణ ప్రణాళికలో ఆమె పేరు ఎదురుగా "బర్రె" అని రాసి ఉన్నది. మేము బర్రెను చూద్దామని పోయినం. కొట్టంలో గడ్డి లేదు, గుంజ లేదు. గోడకు మాత్రం ఎండకు వెలిసిన ఫ్లెక్సీ ఉన్నది. అందులో ఊరి పెద్దల ఫొటోలు, పెద్దనాయనల ఫొటోలు, ఇంటాయన దోస్తుల ఫొటోలు. పుట్టినరోజు పిల్లగాడు మూలకు తపాలా బిళ్లంత ఉన్నడు. ఆమె కోడలు. దావత్ వద్దన్నదట. "మీ అమ్మగారింట్ల చేయలేదని ఇక్కడ గూడా చేయొద్దా" అన్నరట. ఆ మాట మీద సంతకం పెట్టి లోను తెచ్చింది. ఇప్పుడు కిస్తీ కట్టడానికి బయట వడ్డీకి తెస్తున్నది. ఆమెను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ ఇంట్లో ఆమె మాట నిలబడాలంటే చేతిలో ఒక ఉపాయం ఉండాలె. "చేయొద్దు" అంటే ఓడిపోతది. "ఇట్ల చేద్దాం, ఇంతకన్న బాగా చేద్దాం" అంటే గెలుస్తది. మేము ఈ సంవత్సరం చేసిన పని ఆ "ఇట్ల" ఏమిటో వెతుక్కోవడమే.

ముందుగా లెక్క. పుట్టినరోజుకు ముప్పై వేలు ఖర్చు అనుకుందాం. హాలు కిరాయి, డెకరేషన్, కేకు, కోడికూర, ఫొటోలు, పాటల డబ్బా అన్నీ కలిపితే మన దగ్గర ఇది పెద్ద దావత్ కూడా కాదు. బయట నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 900, ఏడాదికి 10,800 మిత్తే అయితది. అసలు అట్లనే ఉంటది. సంఘంలో నూటికి రూపాయి మిత్తికి తీసుకున్నా ఏడాదికి 3,600. ఉపాధి హామీ పని కూలీ 2024-25లో మన రాష్ట్రంలో రోజుకు 300 రూపాయలు. అంటే వంద రోజులు ఎండలో మట్టి తవ్వితే వచ్చేది సరిగ్గా ముప్పై వేలు. ఏడాది మొత్తం ఉపాధి పని ఒక సాయంత్రం మూడు గంటల్లో అయిపోయినట్టు. బయటి మిత్తి కట్టడానికి మళ్లీ 36 రోజులు తవ్వాలె. సంఘం సమావేశంలో ఈ లెక్క రూపాయల్లో చెప్తే ఎవరూ వినలేదు. రోజుల్లో చెప్తే విన్నరు. మీరూ రోజుల్లోనే చెప్పండి.

ఒక్క ఇంటి బాకీ ఒక్క ఇంటితో ఆగదు. పన్నెండు మంది సంఘంలో ఒకరి కిస్తీ మూడు నెలలు ఆగితే తక్కిన పదకొండు మంది తరువాతి లింకేజీ కూడా ఆగుతది. ఆ పదకొండు మందిలో కూతురి కాలేజీ ఫీజు కోసం చూస్తున్నామె ఉంటది. ఆమెకు ఫ్లెక్సీ మీద కోపం ఉండదా?

ఇగ అసలు సంగతికి వద్దాం. పుట్టినరోజు అంటే ఏమిటి? మనలో చాలామందికి మన పుట్టిన తారీఖు తెలియదు. పెద్ద వాన కొట్టిన ఏడు, చెరువు తెగిన ఏడు అని మా అవ్వలు చెప్పేది. బడిలో చేర్చినప్పుడు సారు ఏదో జూన్ తారీఖు రాసుకున్నడు, అదే ఆధార్‌లోకి ఎక్కింది. మనకు చిన్నప్పుడు పురుడు ఉన్నది, ఇరవై ఒకటో రోజు తొట్టెల ఉన్నది, పుట్టు వెంట్రుకలు ఉన్నయి. ఏటేటా కేకు కోసుడు లేదు. కొవ్వొత్తులు పెట్టే ఆచారం జర్మనీ దేశంలో 18వ శతాబ్దం నాటికే ఉన్నది. మన పిల్లలు కూడా ఇప్పుడు పాడే ఆ ఇంగ్లీషు పాట వరుస అమెరికాలో కెంటకీ రాష్ట్రానికి చెందిన ఇద్దరు అక్కచెల్లెండ్లు బడి పిల్లల కోసం కట్టి 1893లో అచ్చు వేయించిన పొద్దటి పలకరింపు పాటది. అంటే అది కూడా ఒక పంతులమ్మ పిల్లల కోసం ఇంత ఆలోచించి చేసిందే. హాలు కిరాయితో పుట్టింది కాదు. కొరియా దేశంలో మొదటి పుట్టినరోజు నాడు పిల్ల ముందర దారం, బియ్యం, పుస్తకం, పైసలు పెట్టి ఏది పట్టుకుంటదో చూస్తరు. అన్నప్రాసన నాడు మనం చేసేదే కదా! మెక్సికోలో రంగు కాగితాలు అంటించిన బుంగను వేలాడదీసి పిల్లలతో కొట్టిస్తరు, లోపలి మిఠాయిలు రాలిపడతయి. అది మన ఉట్టి. కాబట్టి ఎవరిదో పండుగ మనం చేస్తున్నమని చిన్నబోవాల్సిన పని లేదు. మన దగ్గర ఉన్నదాంతో చేసుకోవడమే తెలియాలె.

"థీమ్" అంటరు పట్నంలో. అమెరికాలో ఉండే మన తెలుగు పిల్లల ఇండ్లల్లో కూడా ఇదే మాట. అంటే ఒక్క ముచ్చట పట్టుకొని అలంకారం, ఆట, తిండి అన్నీ దాని చుట్టే కట్టుడు. ఆ మాట విని భయపడవద్దు. బతుకమ్మ నాడు మనం చేసేది ఏమిటి? పువ్వు ఒక్కటే ముచ్చట. పేర్చుడు, పాడుడు, మలీద అన్నీ దాని చుట్టే. తొమ్మిది రోజుల థీమ్ నడిపే ఆడోళ్లకు రెండు గంటల థీమ్ ఎంత?

మా కమిటీ సభ్యుల ఇండ్లల్ల, మా ఊర్ల అంగన్‌వాడీ పిల్లల ఇండ్లల్ల ఈ ఏడు చేసి చూసినవాటిలో మూడు చెప్తం.

మొదటిది పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ పక్కన ఉన్న ఆ మర్రిచెట్టును మనలో చాలామంది చూసిండ్రు. సుమారు ఏడు వందల ఏండ్లది, మూడెకరాలకు పైగా పరుచుకున్నది. 2017 చివరలో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది, చెద పట్టింది. 2018లో ఆ చెట్టుకు దవాఖానలో మనిషికి ఎక్కించినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి చెద మందు చుక్క చుక్కగా ఎక్కించిండ్రు. ఊడలకు పైపులు తొడిగి, కొమ్మలకు సిమెంటు దిమ్మెల ఊతం పెట్టిండ్రు. మూడేండ్ల పిల్లకు ఇంతకన్న మంచి కథ ఏమున్నది? చెట్టుకు జ్వరం వచ్చింది, డాక్టరు వచ్చిండు, సెలైన్ పెట్టిండు, చెట్టు లేచింది!

చేసింది ఇట్ల. ఒక పాత తెల్లటి దుప్పటి మీద బొగ్గుతో మాను గీసినం. ఆకులు గీయలేదు. వచ్చిన ప్రతి పిల్ల అరచేతికి రంగు పూసి దుప్పటి మీద అద్దించినం, చేయి ముద్రే ఆకు. పాలకూర రసం, పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం, ఈ మూడే రంగులు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అయితదని మనకందరికీ తెలుసు, కానీ పిల్లల చేతులకు సున్నం వద్దు, చర్మం కాలుతది. పాత చీరలు పేని దూలానికి కడితే ఊడలు అయినయి. నానమ్మ కింద కూర్చొని కథ చెప్పింది. పిల్లలు డాక్టర్లు అయ్యి, ఖాళీ సీసాకు దారం కట్టి చెట్టుకు సెలైన్ పెట్టిండ్రు. ఒక పిల్లగాడు చెట్టుకు సూది వేయొద్దని ఏడ్చిండు. వాన్ని ఊకబెట్టడానికి చెట్టుకు బెల్లం తినిపించాల్సి వచ్చింది. ఆ దుప్పటిని ఆ తల్లి మడిచి పెట్టెలో దాచింది. వచ్చే ఏడు అదే చెట్టుకు కొత్త ఆకులు. పోయినేడు చేయి ఎంత ఉండెనో, ఈ ఏడు ఎంత పెరిగెనో దాని మీదనే కనబడతది. ఫ్లెక్సీ మీద అది కనబడదు.

రెండోది అంగడి. ఇది అయిదు, ఆరేండ్ల పిల్లలకు. మాకు అన్నిటికన్న ఇది బాగా నచ్చింది, అందుకే కొంచెం ఎక్కువ చెప్తం, ఓపిక పట్టండి. వాకిట్లో రెండు మంచాలు వేసినం. ఒక మంచం మీద ఇంట్లో ఉన్న కూరగాయలు. రెండో మంచం మీద తిండి: ఉడకబెట్టిన బొబ్బర గుడాలు, అరటిపండ్లు, మక్కప్యాలాలు, నిమ్మరసం కుండ. పాత క్యాలెండరు కత్తిరించి రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయల నోట్లు చేసినం. రెండు కొబ్బరి చిప్పలకు తాళ్లు కట్టి కట్టెకు వేలాడదీస్తే తక్కెడ. ప్రతి పిల్లకు పది రూపాయల కాగితం పైసలు. గుడాలు రెండు రూపాయలు, పండు మూడు రూపాయలు. పిల్లలే అమ్మేవాళ్లు, పిల్లలే కొనేవాళ్లు, మధ్యలో అవ్వ బేరం ఆడుతది. వడ్డించుడు అనే పనే లేదు, తిండి కొనుక్కొని తిన్నరు. కూడిక, తీసివేత వాటంతట అవే వచ్చినయి. ఒక పిల్ల నాలుగు రూపాయలు మిగిలించుకొని పక్క పిల్లగానికి అప్పు ఇచ్చింది. మిత్తి ఎంత అని మేము అడిగితే "ఒక అరటిపండు" అన్నది. సంఘం బిడ్డ కదా!

ఈ ఆటలో ఒక జాగ్రత్త చెప్పాలె. మక్కప్యాలాలు, పల్లీలు, బఠానీలు అయిదేండ్ల లోపు పిల్లలకు గొంతులో అడ్డం పడతయి. చిన్న పిల్లలు వచ్చే అంగడిలో అవి అమ్మకూడదు. పల్లీలను పొడి కొట్టే పెట్టాలె. చింతగింజలు, గోటీలు కూడా చిన్నోళ్ల చేతికి అందనీయవద్దు. అందంగా ఉన్నయని గురివింద గింజలు, చేన్ల గట్ల మీద దొరుకుతయని ఆముదం గింజలు బొమ్మలకు వాడుతుంటరు. రెండూ విషం, కొరికి మింగితే ప్రాణానికే ముప్పు. అవి ఇంట్లోకే తేవద్దు.

మూడోది చెరువు. ఇది రెండేండ్ల పిల్లలకు. వెడల్పు తొట్టిలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, కాగితం పడవలు, తామరాకులు దొరికితే రెండు, మట్టితో చేసిన చేపలు. నడవడం బాగా వచ్చినోళ్లకు వాకిట్లో గీత గీసి "చెరువు" అంటే లోపలికి, "గట్టు" అంటే బయటకు దుంకే ఆట. ఇంతే. నీళ్ల దగ్గర ఒక పెద్ద మనిషి లేవకుండా కూర్చోవాలె, ఫోను చేతిలో లేకుండా. నాలుగు వేళ్ల నీళ్లు కూడా పసిపిల్లకు లోతే.

ఇవి కాక పాలపిట్ట, జింక, తంగేడు ఉన్నయి. మన రాష్ట్ర చిహ్నాలు కాబట్టి బడికి పోయినంక కూడా పనికొస్తయి. పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టి రంగులోనే కనబడతది, రెక్క విప్పితేనే నీలం. కాబట్టి పిల్లల చేతులకు నీలం గుడ్డ ముక్కలు కట్టి, ముడుచుకొని కూర్చోబెట్టి ఒక్కసారి లేవమంటే చాలు. అమ్రాబాద్ దిక్కు అక్కలు పులిని చేస్తమన్నరు, చేయండి. ఏ కాలంలో ఏది దొరుకుతదో చూసుకుంటే పైసలు మిగులుతయి. మాఘం, ఫాల్గుణంలో మోదుగ పూలు, ఎండకాలం ముంజకాయ బండ్లు, బతుకమ్మ దినాల్ల తంగేడు, గునుగు, తరువాత పాలమూరు సీతాఫలం, జొన్న కోసినంక జొన్న దంట్లతో ఎడ్లబండ్లు. మా నాయనలు చేసిచ్చిన ఆ దంటు బండ్లు ఇప్పటి పిల్లలు చూడనే లేదు. ఇంట్లో తాత ఉంటే ఆ పని తాతకు అప్పజెప్పండి. దావత్‌ల తాతను మూలకు కూర్చోబెట్టుడు కన్న ఇది నయం.

తోరణాలకు రంగు కాగితం కూడా కొనవద్దు. ప్రతి ఇంట్లో పెండ్లి పత్రికలు గుట్టగా ఉంటయి, గట్టి అట్ట, మంచి రంగు. దర్జీ దగ్గర గుడ్డ ముక్కలు ఊరకనే ఇస్తరు. మనది గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరల సీమ, అంచు ముక్కలకు కొదువ లేదు. వాటిని మూడు మూలల ముక్కలుగా కత్తిరించి తాడుకు కుడితే పదేండ్లు ఉండే తోరణం అయితది.

థర్మాకోల్ అలంకారం, బుగ్గలకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, 100 మైక్రాన్ల కన్న పల్చటి పీవీసీ బ్యానర్లు ఇవన్నీ దేశమంతట 2022 జులై 1 నుంచి నిషేధం. అంగట్లో ఇంకా దొరుకుతున్నయి, అది వేరే ముచ్చట. మోదుగ విస్తర్లు ఉన్నయి కదా. బుగ్గలు పగిలిన ముక్కలు పిల్లలు నోట్లో పెట్టుకుంటరు, ఊపిరి ఆగుతది. నురుగు కొట్టే డబ్బాలు మంట దగ్గర కొడితే అంటుకుంటయి, కొవ్వొత్తి ఊదే పిల్ల ముఖం మీదనే కొడతరు మనోళ్లు. ఈ రెండూ మీ ఇంటికి రానీయకండి. అత్త అడిగితే కమిటీ వాళ్లు వద్దన్నరని మా పేరు చెప్పండి.

కేకు లేకపోతే పుట్టినరోజు ఎట్ల అని అందరూ అడిగిండ్రు. పిల్ల కోయాలె, చప్పట్లు కొట్టాలె, ఫొటో దిగాలె. నిజమే, పిల్ల ఆశ పిల్లకు ఉంటది, దాన్ని కొట్టేయవద్దు. మేము మలీద కేకు చేసినం. ఇరవై మంది పిల్లలకు కిలో గోధుమ పిండి, ముప్పావు కిలో బెల్లం, నూటయాభై గ్రాముల నువ్వులు, అంతే పల్లీలు, వంద గ్రాముల నెయ్యి, రెండు యాలకులు. చపాతీలు మెత్తగా కాల్చి, వేడి మీదనే చిన్నగా తుంచి, తురిమిన బెల్లం వేసి రోట్లో దంచాలె. వేడి ఉంటేనే బెల్లం పట్టుకుంటది, చల్లారినంక దంచితే పొడిపొడి అయితది. వేయించిన నువ్వులు, పల్లీల పొడి కలిపి, నెయ్యి రాసిన గిన్నెలో గట్టిగా అదిమి, అరగంట ఆగి పళ్లెంలో బోర్లించాలె. గుండ్రంగా వస్తది. పైన కొబ్బరి తురుము చల్లి, దానిమ్మ గింజలతో పిల్ల వయసు అంకె పేర్చినం. కత్తికి చక్కగా తెగుతది. మా అంగడి ధరలకు రెండువందల యాభై లోపే. గుడాలు, అరటిపండ్లు, నిమ్మరసం, పిల్లలు పోయేటప్పుడు చేతిలో పెట్టే పెన్సిళ్లు అన్నీ కలిపినా ఏడెనిమిది వందలు దాటలేదు. అంటే ఉపాధి పని మూడు రోజులు కూడా కాదు.

ఎంతసేపు చేయాలె? రెండు గంటలు చాలు. చిన్న పిల్లలు అంతకన్న ఆగరు. మన దావత్‌లు రాత్రి తొమ్మిదింటికి మొదలైతయి, కేకు కోసే యాళ్లకు పుట్టినరోజు పిల్ల నిద్రపోయి ఉంటది. లేపి, ఏడిపించి, ఫొటో తీస్తరు. సాయంత్రం నాలుగున్నరకు మొదలు పెట్టి పొద్దు గూకే లోపల ముగించండి. ముందు ఆట, తరువాత కథ, చివరకు తిండి. తిండి ముందు పెడితే ఆట సాగదు.

ముంబై, పుణె, హైదరాబాద్‌లకు పనికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు మన పాలమూరు ఊర్లల్ల అవ్వల దగ్గర ఉంటరు. వాళ్ల పుట్టినరోజు ఫోన్లో చూపించి, కొత్త బట్టలకు పైసలు పంపి ఊకుంటున్నరు. ఒక గ్రామ సంఘంలో ఒక మాట అనుకున్నరు: అట్లాంటి పిల్లలు ఆ నెలలో ఎంతమంది ఉంటే అందరిదీ ఒకే రోజు, సంఘం సమావేశం అయినంక, సంఘం వాకిట్లోనే. ఒక్కో సభ్యురాలు ఒక్కో గిన్నె తెస్తది. మాకు ఇది నచ్చింది. అప్పు ముచ్చట పక్కన పెట్టినా ఇది చేయదగ్గదే.

ఇంకొక సంగతి ఉన్నది. ఇది చెప్పేటప్పుడు నవ్వు రాదు. మేము తిరిగిన ఇండ్లల్ల హాలు పట్టి చేసిన పుట్టినరోజులు ఎవరివి అని చూస్తే ఎక్కువ మగపిల్లగాండ్లవే. ఆడపిల్లకు పాయసం, కొత్త గౌను, అయిపోయింది. "ఆమెకు పెండ్లప్పుడు ఎట్లైనా ఖర్చు ఉన్నది కదా" అంటరు. దేవరకొండ దిక్కు తండాల్లో కరువు, అప్పు, దళారులు కలిసి పసి ఆడపిల్లలను అమ్మించిన వార్తలు 1999లో, 2001లో దేశమంతట చదివిండ్రు. ఆ తల్లులది పాపం కాదు, వాళ్ల చేతిలో ఏమీ లేని కాలం అది. ఇప్పుడు అదే సీమలో సంఘాలు ఉన్నయి, పొదుపు ఉన్నది. ఆ తండాల్లో ఆడపిల్ల మొదటి పుట్టినరోజుకు వాడకట్టు అంతా వచ్చి దుప్పటి మీద చేతులు అద్దితే, ఆ పిల్ల ఆ ఊరి లెక్కలోకి వచ్చినట్టు. మా కమిటీ ఈ ఏడు ఒక్క నియమం పెట్టుకున్నది. కొడుక్కి ఏది చేస్తే బిడ్డకూ అదే చేయాలె. తక్కువ చేస్తే ఇద్దరికీ తక్కువే.

ఆడపిల్ల పుట్టిన తారీఖు అందరికీ తెలియడం ఇంకోదానికి కూడా పనికొస్తది. పదిహేనేండ్లకే సంబంధం చూస్తున్నప్పుడు "పద్దెనిమిది నిండినయి" అని చెప్తే, కాదు అని చెప్పగలిగే మనుషులు ఊర్లో ఉండాలె. ప్రతి ఏడు ఆమె పుట్టినరోజుకు గుడాలు తిన్న వాడకట్టు మొత్తం సాక్ష్యమే. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఆడపిల్ల పెండ్లి బాల్య వివాహం. ఆపాల్సి వస్తే 1098కి ఫోను చేయవచ్చు, చేసినోళ్ల పేరు బయటపెట్టరు.

దీనితోనే కాగితం ముచ్చట. పుట్టిన 21 రోజుల లోపల పుట్టుక నమోదు చేయిస్తే పైసా ఖర్చు లేదు. 2023 అక్టోబర్ 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెండ్లి నమోదుకు, పుట్టిన తారీఖు రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. మొదటి పుట్టినరోజుకు పిలవడానికి వచ్చిన తల్లిని "పత్రం తీసుకున్నవా చెల్లె" అని అడుగుడు మన పని. తీసుకోకపోతే ఆలస్య రుసుముతో ఎట్ల తీసుకోవాలో పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెంట పోదాం. కేకు ఒక నెల ఆగినా ఏమీ కాదు, పత్రం ఆగకూడదు.

ఇప్పుడు సమాఖ్య ముందు మేము పెడుతున్న కోరిక. సిద్దిపేట జిల్లా గ్రామాల్లో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు నడుపుతున్నయి. పళ్లాలు, గ్లాసులు సంఘం దగ్గర ఉంటయి, ఫంక్షన్ ఉన్నోళ్లు కిరాయికి తీసుకపోతరు, కడిగి తెచ్చి ఇస్తరు. మనం అంత పెద్దగా కాకున్నా ప్రతి గ్రామ సంఘంలో ఒక పుట్టినరోజు పెట్టె పెట్టుకుందాం. అందులో ముప్పై స్టీలు పళ్లాలు, ముప్పై గ్లాసులు, రెండు గుడ్డ తోరణాలు, ఒక దీపం, మలీద అదిమే ఒక లోతు గిన్నె, కొబ్బరి చిప్పల తక్కెడ, అంగడి నోట్లు, ఒక జంపఖాన. తోరణాలు కుట్టే పని మిషన్ ఉన్న సభ్యురాళ్లకే ఇద్దాం, వాళ్లకు కూలీ వస్తది. కిరాయి యాభై రూపాయలని మేము అనుకున్నం, కొందరు ఇరవై చాలన్నరు. పళ్లెం పోతే దాని ఖరీదు ఇవ్వాలె. సంఘం పుస్తకంలో ఒక పేజీ దీనికి పెట్టి, ఏ ఇంట్లో ఏ పిల్లది, ఏ తారీఖు, ఎంత వయసు అని రాసుకోవాలె. ఆ పేజీ కిరాయి లెక్కకు ఒక్కదానికే కాదని మీకు తెలుసు.

పెట్టె ఎవరి ఇంట్లో ఉండాలె అనే దాని మీద మా కమిటీలోనే తగువు అయ్యింది. కొందరు అధ్యక్షురాలి ఇంట్లో అన్నరు, కొందరు అంగన్‌వాడీలో అన్నరు. అధ్యక్షురాలి ఇంట్లో ఉంటే ఆ వాడకట్టు వాళ్లే వాడుతరని మా ఎస్సీ కాలనీ చెల్లె చెప్పిన మాట మాకు సబబుగా తోచింది. ఎవరైనా మొహమాటం లేకుండా పోయి అడిగే జాగాలో పెట్టాలె. ఏ ఊరికి ఆ ఊరు నెల సమావేశంలో తేల్చుకొని తీర్మానం రాసి పంపండి.

తీర్మానం నమూనా కాగితాలు గేటు దగ్గర బల్ల మీద ఉన్నయి, గ్రామ సంఘానికి ఒకటి తీసుకోండి. పక్కనే మూత పెట్టిన గిన్నెల్లో రెండు మలీద కేకులు ఉన్నయి. ఒకటి గోధుమది, ఒకటి సజ్జలది. సజ్జలది కొంచెం గట్టిగా వచ్చింది, నెయ్యి ఇంకా ఎంత వేయాలో తిన్నోళ్లు చెప్పండి.